బాత్రూం టైల్స్ సందుల్లో నల్ల బూజు: వదిలించడం, మళ్లీ రాకుండా చూసుకోవడం

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లలో బాత్రూం టైల్స్ సందులు నల్లబడితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది యాసిడ్. పోయగానే బుసబుసమని పొంగుతుంది, పొగ లేస్తుంది, టైల్ తళతళలాడుతుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అయితే అక్కడ పొంగేది బూజు కాదు, సందులోని సిమెంటు. యాసిడ్ తిన్న సందు గరుకుగా, గుల్లగా తయారవుతుంది. ఆ గుల్లలో నీళ్లు, సబ్బు మడ్డి నిలుస్తాయి. కొన్నాళ్లకు బూజు మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకా లోతుగా. నేల మీద తాండూరు బండలో, షాబాద్ బండలో ఉన్న పాత ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువ. అవి సున్నపురాయి జాతి బండలు, యాసిడ్ పడితే మెరుపు పోయి మచ్చలు తేలతాయి. అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో యాసిడ్‌కు చోటు లేదు. ఇంట్లో సీసా ఉంటే ముందు దాన్ని బాత్రూం నుంచి బయటపెట్టండి. ఎందుకో జాగ్రత్తల దగ్గర చెబుతాను.

బూజు తినేది ఏమిటి

బూజుకు కావలసింది తేమ, తిండి. సిమెంటు దానికి తిండి కాదు. సబ్బు మడ్డి, ఒంటి మురికి, తలకు రాసుకున్న కొబ్బరి నూనె, పండుగ పూట పెట్టుకున్న నలుగుపిండి సందుల్లోకి దిగి నిలుస్తాయి. అదే దాని తిండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ తిండికి లోటే ఉండదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి, నీటిలో కరగని తెల్లటి జిడ్డుగా మారి గోడకు అంటుకుంటాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లతో స్నానం చేసే ఇంటికీ, లోతైన బోరు మీద ఆధారపడిన ఇంటికీ బాత్రూం గోడల్లోనే తేడా కనిపించడం అందుకే.

ఇక తేమ సంగతి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో బాత్రూం ఇట్టే ఆరిపోతుంది. మచ్చలు పాలిపోయి పొడిగా కనిపిస్తాయి. బూజు చచ్చిందని అనుకోవద్దు, దాని బీజాలు సందుల్లోనే ఉంటాయి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చి ముసురు పట్టిందంటే మళ్లీ లేస్తుంది. బతుకమ్మకు ఇల్లు దులిపే నాటికి అడుగు టైల్స్ చుట్టూ నల్ల గీతలు గీసినట్టు ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో చుట్టాలతో ఇల్లు నిండి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బాత్రూం తడారకుండా ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది, అది చలికాలమైనా సరే.

ముందు అది బూజో కాదో చూడండి

సందుల్లో రంగు మారినదంతా బూజు కాదు. వేరేదైతే మందూ వేరే.

సబ్బు పెట్టె చుట్టూ, జాలీ పక్కన గులాబీ రంగులో, తాకితే జారే పొర ఉంటే అది ఎక్కువగా బ్యాక్టీరియా పనే. సబ్బు నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దితే పోతుంది, మందు కూడా అక్కర్లేదు. సందు మీద తెల్లగా ఉప్పు పూసినట్టు ఉంటే గోడలోంచి నీళ్లు వస్తూ లవణాలను బయటికి తెస్తున్నాయన్నమాట. కుళాయి కింద ఎర్రమట్టి రంగు చార ఉంటే అది నీళ్లలోని ఇనుము. దీని మీద బ్లీచింగ్ పోయకండి, తుప్పు రంగు ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

నలుపు లేదా ముదురు ఆకుపచ్చ చుక్కలు గుంపులు గుంపులుగా, ముఖ్యంగా మూలల్లో, అడుగు వరసల్లో ఉంటే బూజని అనుమానించాలి. తేల్చుకోవడం తేలిక. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను బ్లీచింగ్ ద్రవంలో ముంచి ఒక నల్ల చుక్క మీద ఆనించి ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో నలుపు గోధుమ రంగులోకి దిగి, తర్వాత పాలిపోతే అది బూజు. ఎంతసేపటికీ రంగు మారకపోతే అది పేరుకున్న మురికో, మరకో. దానికి గిన్నెలు కడిగే ద్రవం, గోరువెచ్చటి నీళ్లు, ఓపిక సరిపోతాయి.

అదే సమయంలో గోటితో సందును గీకి చూడండి. గట్టిగా ఉంటే శుభ్రం చేసి వదిలేయవచ్చు. గోటి కిందికి తెల్లటి పిండి రాలి వస్తే ఆ సందు ఆయుష్షు అయిపోయినట్టే. దాన్ని ఎంత తోమినా దండగ, తవ్వి కొత్తగా నింపాలి.

జాగ్రత్తలు

ఇది చదవకుండా కిందికి వెళ్లకండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. చేతులతో కలిపితేనే ప్రమాదమని కాదు. నిన్న యాసిడ్ పోసి సరిగా కడగని నేల మీద ఈరోజు బ్లీచింగ్ పోసినా అంతే. కమోడ్ కోసం వాడే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా యాసిడ్లే. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిస్తే మరో రకం విషవాయువు వస్తుంది. కాబట్టి బ్లీచింగ్‌లో నీళ్లు తప్ప ఇంకేదీ కలపకండి, ఫినాయిల్ కూడా. వాసన పోవాలని ఫినాయిల్ కలిపేవాళ్లు ఉన్నారు, మానేయండి.

తలుపు, వెంటిలేటర్ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పని మొదలుపెట్టండి. గీజర్ స్విచ్ ఆపండి. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, పాడైనా ఫర్వాలేదనుకునే బట్టలు వేసుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి. పిల్లలను ఆ గంటసేపు అటు రానివ్వకండి. కళ్లు మండినా, దగ్గు వచ్చినా పని వదిలేసి ఆరుబయటికి రండి. కంట్లో చుక్క పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మొదటి పని: జిడ్డు వదిలించడం

అందరూ దాటవేసే మెట్టు ఇదే. గోడ మీద జిడ్డు ఉండగా బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా ఆ జిడ్డు మీదే ఖర్చయిపోతుంది, కిందున్న బూజు దాకా చేరదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం కలిపి, నైలాన్ బ్రష్‌తో సందుల వెంట రుద్ది, బాగా కడిగేయండి. ఇనుప పీచు వాడకండి. అది సందును గీరడమే కాక, విరిగిన ముక్కలు ఇరుక్కుని తుప్పు మచ్చలు పెడతాయి.

కడిగాక వైపర్‌తో నీళ్లు లాగి, పొడిబట్టతో తుడిచి, రెండు మూడు గంటలు ఆరనివ్వండి. రాత్రి కడిగి ఉదయం మందు పెడితే ఇంకా మేలు. సందు అప్పటికే నీళ్లు తాగి ఉంటే మందును పీల్చుకోదు.

రెండో పని: ద్రావణం

రెండు దారులున్నాయి. దుకాణాల్లో సీసాల్లో దొరికే సోడియం హైపోక్లోరైట్ ద్రవం ఒకటి. నాలుగైదు శాతం ఉన్నదైతే ఒక వంతు ద్రవానికి మూడు వంతుల చన్నీళ్లు కలపాలి. తయారైన తేదీ చూసి కొనండి. వేడికీ వెలుతురుకూ దాని బలం తగ్గిపోతుంది. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో ఉన్న సీసాలో వాసన తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

రెండోది బ్లీచింగ్ పౌడర్. చవక, కిరాణా దుకాణంలో కూడా దొరుకుతుంది. తాజా పౌడర్‌లో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది. లీటరు చన్నీళ్లకు 30 గ్రాములు వేస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, పౌడర్‌ను అందులో వేసి కర్రతో కలపండి. అరగంట కదపకుండా వదిలేస్తే సున్నం అంతా అడుగున ముద్దగా దిగి, పైన లేత పసుపుపచ్చ తేట నిలుస్తుంది. ఆ తేటనే మెల్లగా వంచుకుని వాడాలి. అడుగు ముద్దతో సహా గోడకు పూస్తే టైల్ మీద తెల్లటి పూత ఆరి, దాన్ని వదిలించడం ఇంకో పని అవుతుంది. పాకెట్ విప్పి నెలలు గడిచి, గడ్డలు కట్టి, ముక్కుకు ఘాటు తగలని పౌడర్ ఎందుకూ పనికిరాదు.

రెండింట్లో ఏదైనా వేడినీళ్లు కలపకండి, కలిపినదాన్ని రేపటికి దాచుకోకండి. సందుల్లో నింపిన గ్రౌట్ (టైల్స్ సందులు పూడ్చే ముద్ద) రంగుదైతే తలుపు వెనక కనిపించని చోట కాస్త పూసి చూడండి, వెలిసిపోయే అవకాశం ఉంది.

మూడో పని: తడి నిలిపి ఉంచడం

బూజును చంపేది చేతిబలం కాదు, మందు దాని మీద తడిగా నిలిచే సమయం. గోడ మీద పోస్తే నిమిషంలో జారిపోతుంది. స్ప్రే చేస్తే సగం గాలిలో కలిసి మన ముక్కులోకి వస్తుంది. ఇలా చేయండి: టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా చింపి, ద్రావణంలో ముంచి, సందుల వెంట గోడకు అతికించండి. తడి కాగితం గోడకు చక్కగా పట్టుకుంటుంది. మూలల్లో దూదిని తాడులా పేని నొక్కి పెట్టవచ్చు. పది పదిహేను నిమిషాలు ఉంచండి. మధ్యలో ఆరుతున్నట్టు కనిపిస్తే పాత బ్రష్‌తో మళ్లీ కాస్త తడపండి. ఈలోగా బయటికి వచ్చి నిలబడండి, లోపల కాపలా ఉండాల్సిన పని లేదు.

తర్వాత పట్టీలు తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో సందు వెంట నిలువుగా, అడ్డంగా తోమండి. గుండ్రంగా తోమితే టైల్ మీద తిరగడమే తప్ప సందులోకి కుంచె దిగదు. పైవరస నుంచి కిందికి రండి. పుష్కలంగా నీళ్లతో కడిగి, కుళాయిలు, షవర్ తల, జాలీ మీద పడ్డ మందును కూడా కడిగేయండి. స్టీలు మీద నిలిస్తే మచ్చ పడుతుంది. చివరగా వైపర్, పొడిబట్ట.

ఒక్కసారికే పోని చోట ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చేయండి. మూడోసారికీ నలుపు మిగిలితే మందు ఘాటు పెంచకండి. మరక లోతుకు దిగిందన్నమాట.

క్లోరిన్ వాసన పడని ఇళ్లకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది, మందుల దుకాణంలో దొరుకుతుంది. వంట సోడాలో కలిపి ముద్దగా చేసి సందులకు పట్టించి, ఆరిపోకుండా అరగంట ఉంచి తోమాలి. నెమ్మదిగా పని చేస్తుంది, పాత నలుపు మీద అంత ఫలితం ఉండదు, కొత్తగా మొదలైన బూజుకు సరిపోతుంది. ఇదీ చేతికి తొడుగులతోనే. వెనిగర్ గొప్పతనం గురించి వీడియోల్లో చాలా చెబుతారు. సిమెంటు సందుల మీద అది మెల్లగా చేసే యాసిడ్ పనే, నేనైతే వాడమని చెప్పను.

టైల్ ముఖం మీద, కుళాయిల మీద తెల్లటి గార కట్టి ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి, బట్టతో టైల్ మీద మాత్రమే రాసి, కాసేపటికి కడిగేయవచ్చు. అది ఇంకో రోజు చేయండి, బ్లీచింగ్ పెట్టిన రోజు కాదు. తాండూరు బండల మీద అసలే వద్దు.

సందు పిండిలా రాలుతుంటే

మన దగ్గర టైల్స్ వేశాక ఒట్టి వైట్ సిమెంటును పలచగా జావలా కలిపి సందుల్లో పోసి, గుడ్డతో తుడిచేయడం మేస్త్రీలకు అలవాటు. నీళ్లు ఎక్కువైన సిమెంటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిలోనే బూజు ఇల్లు కట్టుకుంటుంది. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు ఈ ఒక్క పనికి మేస్త్రీ పక్కన నిలబడి, పాకెట్‌లో వచ్చే పాలిమర్ గ్రౌట్ వాడించుకోవాలి. స్నానం చేసే మూల వరకైనా ఎపాక్సీ గ్రౌట్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. ఎపాక్సీ నీళ్లు తాగదు. ధర ఎక్కువే, కానీ ఆ మూల నాలుగైదు అడుగుల వెడల్పుకు మించదు కదా.

పాత సందును తీయడానికి హ్యాక్సా బ్లేడు ముక్కకు ఒక కొసన టేపు చుట్టి పట్టుకుంటే చాలు. చిన్న పనికి మెషిన్ అక్కర్లేదు, అలవాటు లేని చేతిలో అది టైల్ అంచులు ఎగరగొడుతుంది. కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు తీయాలి. పాతదాని మీదే పైపూత పూస్తే కొద్ది రోజుల్లో పెచ్చులుగా లేస్తుంది. దుమ్ము దులిపి, సందును తడిబట్టతో కాస్త చెమ్మ చేసి, పాకెట్ మీద రాసినంత నీళ్లతోనే గట్టి ముద్దగా కలిపి, రబ్బరు పలకతో సందుకు ఏటవాలుగా నొక్కుతూ నింపండి. పావుగంట ఆగి పిండిన స్పాంజితో తుడవండి. నీళ్లోడే స్పాంజి పెడితే నింపినదంతా కొట్టుకొస్తుంది.

ఈ పనికి వానాకాలం కన్నా ఎండాకాలమే నయం, పాత సందు లోపల తడి ఉండదు. కాకపోతే మే నెల వేడికి సిమెంటు గ్రౌట్ మరీ త్వరగా ఆరి పగుళ్లిస్తుంది. మర్నాడు, ఆ మర్నాడు తేలిగ్గా నీళ్లు చిలకరించండి. ఎపాక్సీకి ఈ చిలకరింపు లేదు, అది ఎండకు గబగబా బిగుసుకుంటుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకుని, టైల్ మీది జిడ్డు పొరను బిగియకముందే తుడిచేయాలి. సిమెంటు గ్రౌట్ పూర్తిగా ఆరాక గ్రౌట్ సీలర్ పూస్తే నీళ్లు ఇంకడం తగ్గుతుంది. అది పని చేస్తోందా అన్నది ఒక నీటిచుక్కే చెబుతుంది. సందు మీద చుక్క ముత్యంలా నిలిస్తే సరే, పీల్చుకుని ముదురు మచ్చ అయితే మళ్లీ పూయాలి.

మూలల్లో సిలికాన్

గోడ, నేల కలిసే చోట, వాష్‌బేసిన్ అంచున ఉండే సిలికాన్ లోపలికి బూజు దిగితే ఏ మందూ దాన్ని తెల్లబరచదు. కోసి తీసేయడమే. కత్తితో రెండు అంచులా కోసి, పట్టీలా లాగి, మిగిలిన తుక్కును గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. బాత్రూంల కోసం చేసిన, బూజు నిరోధకం ఉన్న సిలికాన్ అడిగి కొనండి. పిండేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం రాతి బండలకు, సిమెంటుకు సరిపడదు, న్యూట్రల్ రకం అడగండి. రెండు వైపులా టేపు అంటించి, మధ్యలో పిండి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒకే లాగుడులో సరిచేసి, తడిగా ఉండగానే టేపు తీయాలి. ఒక రోజు దాకా నీళ్లు తగలనివ్వకండి.

మళ్లీ రాకుండా

అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది వైపర్. చివర స్నానం చేసినవాళ్లు గోడలు కూడా పైనుంచి కిందికి లాగి, నేల నీళ్లు జాలీలోకి తోసి రావాలి. రెండు నిమిషాల పని. ఇంట్లో అందరితో చేయించడమే కష్టం, దానికి నా దగ్గర మందు లేదు.

అటాచ్డ్ బాత్రూం తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. సాయంత్రమైతే దోమలని వెంటిలేటర్ అద్దాలూ మూసేస్తారు. ఇక తడి ఎటు పోతుంది? వెంటిలేటర్‌కు దోమల జాలీ బిగించి, అద్దాలు రాత్రింబవళ్లు తెరిచి ఉంచండి, అప్పుడు తలుపు మూసినా నష్టం లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను స్నానం అయ్యాక కూడా అరగంట తిరగనివ్వండి. తలుపు కింద వేలెడు సందు లేకపోతే ఫ్యాన్‌కు లాగడానికి గాలే అందదు. కొందరు చీమలు వస్తున్నాయని ఆ సందుకు రబ్బరు పట్టీ కొడతారు, ఫ్యాన్ శబ్దం తప్ప ఫలితం ఉండదు.

తడి తువ్వాళ్లు, నానబెట్టిన బట్టల బకెట్టు లోపల వదలకండి. వారానికోసారి సబ్బు నీళ్లతో సందులు తోమితే బూజుకు తిండి దొరకదు. వానాకాలంలో నెలకోసారి, పైన చెప్పిన ద్రావణానికి రెట్టింపు నీళ్లు కలిపి అడుగు రెండు వరసలకు పూసి, పది నిమిషాల తర్వాత కడిగేయండి. స్నానం తర్వాత నీళ్లు ఏదో ఒక మూల మడుగు కడుతుంటే నేల వాలు తప్పిందన్నమాట. మీటరుకు ఒక సెంటీమీటరైనా జాలీ వైపు వాలు ఉండాలి. అది మేస్త్రీ పని, వైపర్‌తో ఎప్పటికీ తీరదు.

అన్నీ చేసినా వస్తుంటే

బాత్రూం గోడ వెనకవైపు, అంటే పడకగది వైపు, రంగు ఉబ్బి పెచ్చులూడుతోందేమో చూడండి. 2023 జూలై వరదలకు వరంగల్, హనుమకొండ పల్లపు కాలనీల్లో నీళ్లు నిలిచిన ఇళ్లకు పునాది నుంచే చెమ్మ పైకి ఎక్కి ఉండవచ్చు. అలాంటి చెమ్మ ఇంటి కింది భాగమంతా కనిపిస్తుంది, బాత్రూంకే పరిమితం కాదు. ఒక్క బాత్రూం గోడకే ఉంటే పైపు లీకును అనుమానించాలి. ప్లంబరును పిలిచి ప్రెషర్ టెస్ట్ చేయించండి. పైపు కొసలు మూసి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, మీటరు ముల్లు చూస్తారు. ముల్లు పడిపోతే పైపు కారుతున్నట్టు. నిలకడగా ఉంటే నేలను పరీక్షించాలి. జాలీలో గుడ్డ కుక్కి, రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నింపి, గోడకు పెన్సిల్ గీత పెట్టి, ఒక రోజు వదిలేయండి. గీత నుంచి నీళ్లు బాగా దిగినా, కింది ఇంటి పైకప్పుకు చెమ్మ వచ్చినా టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. టైల్స్ లేపి ఆ పని చేయించాకే కొత్త గ్రౌట్. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రెండు పరీక్షల ఫొటోలు తీసి యజమానికి చూపించండి, ఎందుకంటే ఇలాంటి ఖర్చు సాధారణంగా భరించాల్సింది ఆయనే.